అమ్మ జబ్బు పేరు చెప్పి

ఇరవై రెండేళ్ల సర్వీసులో మా అమ్మను నేను తొమ్మిదిసార్లు మంచాన పడేశాను. రెండుసార్లు గుండె, ఒకసారి పక్షవాతం, ఒకసారి కిడ్నీలో రాయి, మిగతావి ఉత్త ‘తీవ్ర అస్వస్థత’. అన్నీ సెలవు కాగితాల మీదే. పటాలంలో ఇదొక ఆచారం. ఏ రాష్ట్రం వాడైనా సరే, ఇంటికి పోవాలంటే తల్లికి బాగుండకూడదు. పొలంలో బోరు వేయిస్తున్నామనో, పిల్లను చూడ్డానికి పోవాలనో నిజం రాస్తే సెలవు రాదు. తల్లి జబ్బంటే ఏ ఆఫీసరూ కాదనలేడు. ఆ తల్లి మాత్రం మైదుకూరు పక్క పల్లెలో రెండు బర్రెలను మేపుకుంటూ నిక్షేపంగా ఉండేది. తనకు ఇన్ని రోగాలు వచ్చి పోయినట్టు ఆమెకు తెలియదు.

ఆఖరి రోజుల్లో నన్ను కడపకు వేశారు. కాలేజీ పిల్లలకు కవాతు నేర్పే యూనిట్. అప్పటికి హవల్దారును. ఆ కాగితం చేతికి రాగానే నా భార్యకు మాట ఇచ్చాను, ఇంక ఇల్లు నాది, చదువు నీది అని. పెళ్లినాటికే ఆమె డిగ్రీ పూర్తయింది. టీచరు కావాలని పట్టు. నేను ఒకసారి జమ్మూలో, ఇంకోసారి జోధ్‌పూర్‌లో ఉంటే, ఇద్దరు పిల్లలను పెట్టుకుని ఏ కాలేజీకి పోతుంది? పదిహేనేళ్లు ఆగింది. కడపలో ఇల్లు బాడుగకు తీసుకున్న ఏడాదే బీఈడీలో చేరింది. పొద్దున్నే వంట చేసి, పిల్లల క్యారియర్లు కట్టి, ఆ తర్వాత బూట్లు వేసుకునేవాణ్ణి. నా ఉగ్గాని బాగుంటుందని పిల్లలే చెప్పారు. సాంబారు గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

మొదటి సంవత్సరం పరీక్షలు అయ్యాయో లేదో ఆర్డరు వచ్చింది. నాయబ్ సుబేదారుగా ప్రమోషన్, అస్సాంలో పోస్టింగ్, నలభై రోజుల్లో చేరాలి. నాకు ఒళ్లు మండిపోయింది. ఇరవై రెండేళ్లు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పెట్టె మోసుకుని పోయాను కదా, రిటైరై ఇంటికి పోయే ముందర కూడా ఆ మూలకు తోలాలా? నేను కదిలితే ఆమె చదువు ఆగిపోతుంది. రెండో సంవత్సరమంతా బడిలో పాఠాలు చెప్పే శిక్షణ, పొద్దున పోతే మళ్లీ సాయంత్రమే. అమ్మను పిలుద్దామంటే బర్రెలను వదిలి ఒక్క రాత్రి కూడా బయట పడుకోదు.

ప్రమోషన్ వద్దని సంతకం పెడితే ఉన్నచోటే వదిలేస్తారు. కానీ ఆ సంతకం ఒక్కసారి పడితే అంతే, మళ్లీ అడిగేదానికి లేదు. హవల్దారుగానే దిగిపోవాలి. భుజం మీద ఆ నక్షత్రం కోసం ఎన్నేళ్లు ఎదురు చూశానో నాకే తెలుసు. నాకు కడపా కావాలి, నక్షత్రమూ కావాలి. ఇంట్లో ఇబ్బంది చూపించి పోస్టింగ్ ఒక ఏడాది ఆపమని అర్జీ పెట్టుకునే దారి ఒకటుంది. అది పట్టుకున్నాను.

మా ఆఫీసులో అర్జీలు రాసిపెట్టే గుమాస్తాది ఆదోని. ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కాగితం పక్కన పెట్టి నవ్వాడు.

“పెండ్లాం చదువుకుంటాందని రాస్తే నగుతారప్పా. అమ్మకు బాగలేదని రాయి. ఎవురూ అడగరు.”

నిజం చెప్పాలంటే నాకూ అదే కావాలి. ఆమె చదువుకోవాలి, నేను వంట చేయాలి అని కల్నల్ ముందు ఏ మొహం పెట్టుకుని చెప్పేది? అమ్మకు మోకాళ్లు రెండూ అరిగిపోయాయని, మంచం దిగలేదని, నేను తప్ప దిక్కు లేదని రాయించి సంతకం పెట్టాను. అట్లా పదోసారి పడేశాను.

సెలవు వేరు, పోస్టింగ్ ఆపడం వేరు అని నాకు తట్టలేదు. పోస్టింగ్ ఆపాలంటే ఇంటికి మనిషిని పంపి విచారిస్తారట. నాకు చెప్పకుండానే జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసు నుంచి ఒక పెద్దాయన ఫైలు పట్టుకుని మా ఊరికి పోయాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్లో ఒక పుకారు, ముసలోళ్ల పేర్లు కరువు పనిలోంచి తీసేస్తారని. ఉపాధి పనిని మా వైపు ఇప్పటికీ కరువు పని అనే అంటారు. అమ్మ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వస్తోంది. మోకాళ్లు ఎట్లున్నాయమ్మా, నడవగలవా అని ఆయన అడిగాడు. ఫైలు చూడగానే అమ్మకు అర్థమైపోయింది, తన పేరు కొట్టేయడానికే వచ్చాడని.

“నాకేం రోగమప్పా? రాయి మాదిరి ఉండా. దినామూ కరువు పనికి పోతాండా. నా పేరు మాత్రం కొట్టేయొద్దు.”

ఉత్త మాటలతో నమ్మడేమోనని మోపు కింద పడేసి, వంగి మళ్లీ తనే ఎత్తుకుని, వీధి చివరిదాకా నడిచి చూపించిందట. ఆయన అన్నీ రాసుకుని వేలిముద్ర వేయించుకున్నాడు. పని నిలబడిందని అమ్మ ఆయనకు చెంబు నిండా మజ్జిగ ఇచ్చి పంపింది.

వారం తర్వాత కల్నల్ పిలిచాడు. ఆ రిపోర్టు చదివి వినిపించి, మీ అమ్మ నాకంటే గట్టిగా ఉంది అన్నాడు. పక్కన నా పాత సెలవు కాగితాలు పెట్టుకున్నాడు. తొమ్మిదీ ఉన్నాయి. ఆయన అరిచినా బాగుండేది, అరవలేదు. రేపటికల్లా ఏదో ఒకటి తేల్చుకో, పోతావా, వద్దని రాసిస్తావా అని పంపించేశాడు.

సాయంత్రం ఇంట్లో నా భార్యకు అంతా చెప్పాను. ర్యాంకు గురించి బాధపడుతుందనుకున్నాను. ఆమె ఆ అర్జీ నకలు రెండుసార్లు చదివింది.

“ఇందులో నా చదువు యాడుండాది?” అంది.

నకలు మడిచి నా చేతిలో పెట్టింది.

“మీయమ్మకు లేని రోగం రాసేదానికి రాని నామోషీ, నా చదువు రాసేదానికి వచ్చిందా నీకు?”

కోపం వచ్చిన మాట నిజం. గుమాస్తా మీద, ఫైలు పట్టుకుపోయిన ముసలాయన మీద, అస్సాం మీద. ఎటు తిరిగినా అది నా దగ్గరికే వచ్చి కూర్చుంది.

మర్నాడు ప్రమోషన్ వద్దని రాసిచ్చాను. దానికి కారణం అక్కర్లేదని గుమాస్తా మొత్తుకుంటున్నా వినకుండా రాశాను, నా భార్య బీఈడీ చదువుతోంది, ఇంట్లో వంట నేను చేయాలి అని. కల్నల్ చదివాడు. నవ్వుతాడని చూశాను. నవ్వలేదు. ఈ ముక్క మొదటే రాసి ఉంటే ఏడాది ఆపమని నేనే పైకి రాసేవాణ్ణి, ఇప్పుడు నీ కాగితాన్ని ఎవరు నమ్ముతారు అన్నాడు. సెల్యూట్ కొట్టి బయటికి వచ్చాను. తిట్టుకునేదానికి కూడా ఓపిక లేదు.

సంగతి అమ్మదాకా పోయింది. బర్రెలను పక్కింటివాళ్లకు అప్పజెప్పి, మొదటి బస్సుకు కడప వచ్చింది. తిడుతుందని సిద్ధంగా ఉన్నాను. నీళ్లు తాగి, చెంబు పక్కన పెట్టింది.

“ఒక్క మాట చెప్పింటే ఆ దినం నేనే మంచంలో పండుకొనుంటి కదరా,” అంది.

తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయింది.

నేను హవల్దారుగానే దిగిపోయాను. అంతకుముందే నా భార్యకు బడిలో శిక్షణ మొదలైంది. ఒక సాయంత్రం నేను చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని మర్నాటి పాఠం తయారు చేసుకుంటోంది. ఎనిమిదో తరగతికి సెలవు చీటీ రాయడం నేర్పాలట. పిల్లల ముందు చెప్పే ముందర ఒకసారి చూసుకోవాలి, నువ్వొకటి రాయి అని కాగితం, పెన్నూ నా ముందు పెట్టింది. చేతులు తుడుచుకుని రాయడం మొదలుపెట్టాను. అయ్యా, నమస్కారం. ఆ తర్వాత చెయ్యి దానంతట అదే ‘మా అమ్మకు’ అని రాసి ఆగింది.

ఆమె చూసింది. ఎర్ర పెన్నుతో ఆ రెండు మాటలూ కొట్టేసి, కాగితం మళ్లీ నా ముందుకే జరిపింది.