రెడ్డెమ్మక్క ఎడమచెయ్యి

కుప్పంలో మా ఇంటి కింద ఒక మెస్సు ఉంది. పన్నెండు దాటగానే వేడి రాగిసంగటి వాసన మెట్లెక్కి పైకి వస్తుంది. ఆ వాసన తగిలితే నాకు పుంగనూరు రెడ్డెమ్మక్క గుర్తొస్తుంది. పెళ్లికి ముందు ఆమె అంగడిలోనే నేను బట్టలు కుట్టడం నేర్చుకున్నాను. కాజా కాస్త వంకరపోయినా విప్పించి మళ్లీ కుట్టించేది. పొగడటం ఆమెకు చేతకాదు.

ఒక ఏడాది ఆమెకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఒంటరి మనిషి. అంగడి చూసుకుంటూనే ఆమెకు తల దువ్వడం, చీర కట్టడం, తినిపించడం అన్నీ నేనే చేశాను. వీధిలో అందరూ మెచ్చుకుంటుంటే, నిజం చెప్పాలంటే, ఉబ్బిపోయేదాన్ని. నెల తిరక్కముందే ఆమె నా చేతిలోని ముద్దను తోసేసింది.

“సాల్లేమే. నీకు తీరిక దొరికినప్పుడే నాకు ఆకలి కావల్నా? ఆ తట్ట ఇట్ల పెట్టు.”

కంచం ముందు పెడితే ఎడమచేత్తో సంగటి తుంచింది. వేళ్లు మాట వినలేదు. ముద్ద జారి చెనిక్కాయల ఊరిబిండి పచ్చడిలో పడి, జాకెట్టంతా చిందింది. నాకు ఆ మరకల కన్నా ఆ చెయ్యే ఇబ్బందిగా తోచింది. ఎడమచెయ్యి దేనికి వాడతామో అందరికీ తెలుసు, దాంతో తింటే మా ఊళ్లల్లో మొహం చిట్లిస్తారు. అందుకే ఆమె తినే వేళకు అంగడి తలుపు దగ్గరగా వేయడం మొదలుపెట్టాను. ఆమె పరువు కాపాడుతున్నాననే అనుకున్నాను.

మూడోరోజు అడిగింది. “తలుపు యాల ఏస్తాండావు?”

“ఎవురన్నా సూస్తారని...”

“నాకు మిగిలింది ఒక సెయ్యి. దాన్ని గూడా దాసిపెట్టమంటావా?”

సిగ్గుతో చచ్చిపోయాను. లేచి తలుపు తీశాను.

ఆ తర్వాత మదనపల్లెలో ఆమె తమ్ముడి కూతురి పెళ్లి. “అక్కా, లోపల గదిలో పెట్టిస్తా, నిదానంగా తిను” అన్నాడు తమ్ముడు. “మేనత్తను నేను. అందరితోనే కూర్చుంటా” అని ఆమె వచ్చి పంక్తిలో కూర్చుంది. వడ్డించే మనిషి ఆ ఎడమచెయ్యి చూసి ఆగాడు. “పెట్టప్పా. సబ్బుతో రెండుసార్లు కడుక్కోనొచ్చినా” అంది. పక్కనున్న పెద్దావిడ తన ఆకును కొంచెం అవతలికి జరుపుకుంది. అది చూసి, పంతంగా నేనూ ఎడమచేత్తో అన్నం కలపబోయాను.

రెడ్డెమ్మక్క చూసింది. “నీకేమొచ్చిందే? నీ కుడిసెయ్యి బాగుండాది గదా, దాంతో తిను.”

పంక్తిలో అందరూ ముగించేదాకా ఎవరూ లేవకూడదని ఆ ఇంటి పెద్దల పట్టు. అందరి ఆకులూ ఖాళీ అయ్యాయి. రెండో పంక్తివాళ్లు వెనక వచ్చి నిలబడ్డారు. తినిపించేద్దామని నా చెయ్యి లాగుతోంది. ఆమె మాత్రం తొందరపడకుండా పెరుగన్నం దాకా తిని, ఆకు మడిచింది. అప్పుడే అందరూ లేచారు, ఆకు జరుపుకున్న పెద్దావిడతో సహా.

రెడ్డెమ్మక్క పోయి రెండేళ్లయింది. ఇప్పుడు మా అత్తకు చేతులు వణుకుతున్నాయి. కాఫీ గ్లాసు నోటిదాకా వెళ్లేసరికి సగం ఒలికిపోతుంది. “పట్టుకోవల్నా అత్తా?” అని అడుగుతాను. వద్దంటుంది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, ఆమె తాగేదాకా ఊరికే కూర్చుంటాను. రెడ్డెమ్మక్క దగ్గర నేర్చుకున్న పనుల్లో నాకింకా సరిగా చేతకానిది ఇదొక్కటే.