పసుపు గ్రీజు

రీలు మూత విప్పగానే అమీనాబీకి మళ్ళీ అదే కనిపించింది. నిరుడు తను తెల్లగా పూసి పంపిన గ్రీజు పచ్చగా మారి, పళ్ళచక్రాల మధ్య గరుకుగా గడ్డకట్టి ఉంది. వేలితో తీసి వాసన చూసింది. పసుపు. దాని అడుగున కొబ్బరినీళ్ళ జిగట.

అనకాపల్లిలో ఆమె కొట్టు కుట్టుమిషన్లు బాగుచేసేది. తండ్రి నేర్పిన పని. ఆడది మిషను విప్పడమేమిటని నవ్విన వీధిలోనే, ఇవాళ ఆమె చెయ్యి పడని మిషను లేదు. చేపల గాలానికి దారం చుట్టే రీళ్ళు మాత్రం నాలుగేళ్ళ నుంచే వస్తున్నాయి. ఎవరో కంపెనీవాళ్ళు పూడిమడక ఒడ్డున షామియానా వేసి, ఇరవై మంది మత్స్యకారులకు తలా ఒక రీలు పంచి, ఫొటోలు దిగి వెళ్ళిపోయారు. పెద్ద చేప లాగినప్పుడు తంగూసు దారం తెగకుండా కొద్దికొద్దిగా వదిలే బ్రేకు అందులో ఉందన్నారు. ఆ బ్రేకును ఉప్పు తినేస్తుందని చెప్పలేదు. ఏడాదికోసారైనా విప్పి కడగాలని చెప్పలేదు. పంచడానికి ఇంతమంది వస్తారు, గ్రీజు పుయ్యడం నేర్పడానికి ఒక్కడూ రాడు.

మొదటి ఏడాదే బిగుసుకుపోయిన రీలును సంచిలో వేసుకుని, ఆ ఇరవై మందిలో ఒకడైన నానాజీ అనకాపల్లి అంతా తిరిగి, చివరికి ఆమె కొట్టు ముందు ఆగాడు. "అప్పా, ఇదీ దారం సుట్టే మిషనే కదేటి? సూడవా?" అన్నాడు.

చూసింది. ఏ మర తర్వాత ఏ మరో పాత కేలండరు వెనక బొమ్మ గీసుకుంది. ఉప్పును మంచినీళ్ళతో కడగాలి, పాత గ్రీజును పెట్రోలులో ముంచిన టూత్‌బ్రష్‌తో తియ్యాలి, చెమ్మ లేకుండా ఆరబెట్టాలి. చక్రాలకు గ్రీజు దట్టంగా పుయ్యాలి. బ్రేకు బిళ్ళలకు మాత్రం కాటుక పెట్టినంతే. ఇదంతా పాడుచేసుకుంటూ నేర్చుకుంది.

ఇప్పుడు నానాజీ ఎదురుగా స్టూలు మీద కూర్చుని అరచెయ్యి చాపాడు. అడ్డంగా తెల్లటి మచ్చ.

"నిరుడు కొమ్ముకోనెం సేప పడితే నీ బ్రేకు వొదల్లేదు. తంగూసు తెగి సెయ్యి కోసేసింది. నీ గ్రీజు మంచిది కాదంతన్నారు మావోలు. ఎల్లుండి వేట తెరుత్తారు. ఈపాలి కూడా ఇలాగైతే వైజాగ్ అట్టుకుపోతాను. ఏటనుకోకప్పా."

అమీనాబీకి ఒళ్ళు మండింది. తప్పెక్కడో ఆమెకు తెలుసు. రెండు నెలల నిషేధం తర్వాత వేట మొదలుపెట్టే రోజున ఇంజను, వల, రీలు అన్నీ పడవ ముందు పెట్టి పసుపు పూస్తారు, కుంకం పెడతారు, కొబ్బరికాయ కొట్టి నీళ్ళు పైన పోస్తారు. ఇంజను ఓర్చుకుంటుంది. రీలు ఓర్చుకోదు.

తెలిసీ నాలుగేళ్ళు నోరు మెదపలేదు. సెల్‌ఫోన్ల కొట్టు నడిపే మేనల్లుడు అయూబ్ మొదట్లోనే అన్నాడు: "ఫుప్పూ, నువ్వు గ్రీజు గురించి మాట్లాడు. పసుపు గురించి మాట్లాడకు." అతను పిరికివాడేం కాదు. తురకామె పసుపు వద్దందట అన్న ఒక్క మాట ఎన్ని ఫోన్లు దాటి ఏమై తిరిగొస్తుందో అతనికి తెలుసు. చక్రం బిగుసుకుపోయిందని చెప్పడానికి కూడా మతం చూసుకోవలసిన రోజులు.

కానీ ఆ మచ్చ ఎదురుగా ఉంది. పచ్చ గ్రీజు తీసి దాని పక్కనే రాసింది.

"రుద్ది చూడు."

"ఇసకలాగుంది."

"ఇసక కాదు. నువ్వు పోసిన పసుపు."

నానాజీ చెయ్యి ఆగిపోయింది. "గంగమ్మకి ఎట్టొద్దంటావేటి?"

"పెట్టు! పడవకి పెట్టు, రీలు బిగించే కర్రకి పెట్టు, నీ మొహానికి పెట్టుకో. దీని కడుపులో పొయ్యకు. దసరాకి ఆడోళ్ళు కుట్టుమిషనుకి బొట్టు పెడతారు గానీ బాబిన్‌లో కొబ్బరినీళ్ళు పోత్తారా? ఆ నీళ్ళు నువ్వు తాగు, చల్లగా ఉంటాది."

అతను నవ్వలేదు. రీలు సిద్ధమయ్యాక తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రెండు నెలలు, కొట్టు ముందు ఎవరి బండి ఆగినా అమీనాబీ పని ఆపి తలెత్తి చూసేది.

ఆగస్టులో నానాజీ వచ్చాడు. ఒక చేతిలో కోనెం చేప, మరో చేతిలో గోనెసంచి. తన రీలు తనే విప్పి చూపించాడు. గ్రీజు తెల్లగానే ఉంది.

"నలబై కేజీల సేపప్పా! బ్రేకు వొదలవలసిన కాడ వొదిలింది, అట్టుకోవలసిన కాడ అట్టుకుంది." సంచిలోంచి ఇంకో ఆరు రీళ్ళు బల్ల మీద పెట్టాడు. "ఈ రీళ్ళోలకీ సెప్పేను. ఈపాలి కర్రకే ఎట్టేరు పసుపు."

"విన్నారా? నేను చెప్పేనన్నావా?"

నానాజీ ఫ్యాను వైపు చూశాడు. "వైజాగ్ ఇంజినీరు సెప్పేడన్నాను. నీ పేరు సెపితే గొడవైపోద్దని..."

అమీనాబీ ఆరు రీళ్ళూ అతని వైపు నెట్టేసింది. "ఆ ఇంజినీరు దగ్గరికే పట్టుకెళ్ళు. పాడయితే నా గ్రీజు, బాగుపడితే వైజాగు! నీ చేప కూడా తీసుకుపో."

"అప్పా, కోపమెందుకు..."

"నాలుగేళ్ళు మాట పడ్డాను. నా పేరు చెప్పు, అప్పుడు విప్పుతాను."

నానాజీ తల గోక్కుని ఫోన్ తీశాడు. ఆరు రీళ్ళలో ఒకటి ధనరాజ్‌ది. అతనికి కలిపి స్పీకరు పెట్టాడు.

"ఏ బావా, నా రీలైపోనాదా?" అన్నాడు ధనరాజ్.

"ఒరే బావా, ఇంజినీరూ లేడు ఎవడూ లేడు. పసుపు మాట సెప్పింది మన అమీనాబీ అప్ప."



"ఆ కుట్టుమిషన్ల బీబీయా?" అన్నాడు ధనరాజ్ నెమ్మదిగా. "అయితే... ఆ మాట నిజమేనంటావా?"

"రెండు నెల్లు తిరిగింది కదరా నీ రీలు!"

"తిరిగిందనుకో. అయినా..."

నానాజీ నుదురు కొట్టుకుని ఫోన్ పెట్టేశాడు. అమీనాబీ ధనరాజ్ రీలును వేరుగా, బల్ల చివర పెట్టింది.

"మిగతా అయిదుగురికీ చెయ్యి," అంది.

నానాజీ ఒక్కొక్క నంబరూ వెతుకుతున్నాడు. స్క్రూడ్రైవరు ఆమె చేతిలోనే ఉంది. ఇంకా ఏ మూతా విప్పలేదు.