ఓడు, ఓడు అన్న ఊరు

తెనాలిలో ఉదయం ఏడింటికి అటూ ఇటూగా పినాకిని ఎక్కాను. సంచిలో బూట్లు, రెండు జతల మేజోళ్ళు, మోకాలి పట్టీ, మా ఆవిడ రాజ్యం కట్టిచ్చిన పులిహోర ఉన్నాయి. నేను టెలిఫోను లైన్‌మన్‌ని. వయసు నలభై మూడు. స్తంభాల వెంట నడిచి నడిచి, ఒకరోజు ఎందుకో పరుగెత్తి చూశాను. అది అలవాటై, అలవాటు ముదిరి, మారథాన్ దాకా వెళ్ళింది. అంటే ఏకబిగిన నలభై రెండు కిలోమీటర్లు. హైదరాబాదులో ఒకసారి, విశాఖలో ఒకసారి మొదలుపెట్టి, రెండుచోట్లా సగం దాటగానే కూలబడ్డాను. దాంతో ఆఫీసులో నా పేరు సూర్యం కాస్తా సగం సూర్యం అయింది. ఎవరు ఎంత నవ్వుతూ అన్నా ఆ మాటకు నాకు ఒళ్ళు మండుతుంది. మద్రాసులో కూడా ఆగిపోతే బూట్లు అటకెక్కిస్తానని రాజ్యం ముందు ఒట్టు పెట్టుకుని బయల్దేరాను.

నెల్లూరులో ఎక్కిన ఒక పెద్దాయన నా బూట్లు చూసి సంగతి అడిగాడు. చెప్పాను. పరుగెత్తితే దుడ్లు ఏమైనా ఇస్తారా అన్నాడు. ఇవ్వరు, మనమే యాభై రూపాయలు కట్టాలన్నాను. ఆయన కాసేపు నన్ను ఎగాదిగా చూసి, పేపరు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. గూడూరులో పులిహోర సగం తిన్నాను.

ఒంటిగంటన్నరకు సెంట్రల్‌లో దిగాను. ఊరి పేరు చెన్నై అని మార్చి ఎంతో కాలం కాలేదు, నా నోటికి ఇంకా మద్రాసే వస్తోంది. స్టేషను పక్క సందులో నూట నలభైకి గది దొరికింది. కిటికీ లేదుగాని ఒక్క రాత్రికి చాలు. మెస్సులో భోజనం పదహారు రూపాయలు. రసం రెండుసార్లు పోయించుకున్నాను.

మైలాపూరులోని ఒక బడిలో, పరుగులో ఛాతీకి తగిలించుకునే నంబరు గుడ్డ తీసుకోవాలి. సెంట్రల్ ఎదురుగా రోడ్డు దాటితే పార్క్ టౌన్ స్టేషను, అక్కడినుంచి కొత్తగా వేసిన లైను. టికెట్టు కొని మెట్లు దిగుతుండగా బండి కదలబోతోంది. ఒకాయన ముందే ఎక్కి, వెనక వస్తున్న భార్యను ‘ఓడు, ఓడు’ అని కేకలేస్తున్నాడు. మొగుడూ పెళ్ళాలు పందెం ఏమైనా వేసుకున్నారేమో అనుకుని నేను వేరే పెట్టె ఎక్కాను.

ఆ బండి చింతాద్రిపేట దగ్గర మేడల ఎత్తుకు లేచింది. కింద కూవం నది, దాని ఒడ్డున ఇరుకు ఇళ్ళు, ఇళ్ళ ముందు వరుసలు కట్టిన పచ్చ, నీలం ప్లాస్టిక్ బిందెలు. బిందెలే ఉన్నాయి, నీళ్ళు ఎక్కడా కనిపించలేదు. ఇంత ఊరు ఏం తాగి బతుకుతోందో నాకు అంతుపట్టలేదు.

ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకు మెరీనాలో పరుగు మొదలైంది. ఆరుగంటల్లో, అంటే పదకొండున్నరలోగా తిరిగి అక్కడికే చేరాలి. ఆ తర్వాత వచ్చినవాళ్ళు పూర్తిచేసినట్టు లెక్క కాదు. ఆరువందల మందిమి ఉంటామేమో. చీకట్లో సముద్రం కనిపించలేదు, హోరు మాత్రం ఎడమచెవి పక్కనే వినిపించింది. అడయారు వంతెన మీదికి వచ్చేసరికి సూర్యుడు నీళ్ళలోంచి పైకి లేచాడు. నది కలిసే చోటంతా ఎర్రబడింది. పుట్టి బుద్ధెరిగాక ఇంత పెద్ద సూర్యుణ్ణి చూడలేదు.

తిరువాన్మియూరు దాటి, మహాబలిపురం రోడ్డులో కొంతదూరం పోయి వెనక్కి తిరిగాం. అక్కడే మొదటిసారి ఆ మాట నా మీదికి వచ్చింది. టీకొట్టు ముందు నలుగురైదుగురు నా వంక చూసి చేతులూపుతూ ‘ఓడు సార్, ఓడు’ అన్నారు. సరిగా వినలేదనుకున్నాను. గిండీలో ఒక బస్సు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి అదే మాట అన్నారు. సైదాపేటలో పూలు గుచ్చుతున్న ఆడవాళ్ళు కూడా అన్నారు. సార్ అని మర్యాదగా పిలిచి మరీ ఓడిపొమ్మంటున్నారు. వీళ్ళకు నేనేం అపకారం చేశాను? తెనాలిలో నా పేరు ఇక్కడిదాకా వచ్చిందా? అరికాలి మంట నెత్తికెక్కింది. ఓడి చూపించను, చచ్చినా ఓడను అని పళ్ళు కొరికి ఉన్న బలమంతా మౌంటు రోడ్డు మీద తగలేశాను.

కోపం మంచి ఇంధనమేగాని తొందరగా అయిపోతుంది. చింతాద్రిపేట చేరేసరికి ముప్పై ఏడో కిలోమీటరు, గడియారంలో పదీ ముప్పై ఐదు. నా వెనక ఎవరూ లేరు. మోకాలు వంగనంది. ఒక వీధి మొగలో చేతిపంపు దగ్గర ఆగి స్తంభాన్ని పట్టుకున్నాను. లైన్‌మన్‌ని కదా, ఆపదలో చెయ్యి దానంతటదే స్తంభం మీదికే పోతుంది. అయిపోయింది, మూడోసారి కూడా సగం సూర్యమే అనుకున్నాను. ఏడుపొచ్చింది.

పంపు దగ్గర బిందెల వరుసలో నిలబడ్డ ఒక ముసలావిడ నా దగ్గరికి వచ్చింది. ఆవిడ అన్న మొదటి మాటే అది.

“ఓడు నాయనా, ఓడు.”

ఓడు పక్కన నాయనా అన్న పిలుపు విని తెలుగావిడ అని గ్రహించాను. అందుకే మరీ కోపమొచ్చింది. మన మనిషివై ఉండి నువ్వు కూడా నన్ను ఓడమంటావేమిటమ్మా అన్నాను.

“ఓడమనకుంటే నిలవమంటానా? ఆడ చూడు, అందురూ పోయినారు. నువ్వు మాత్రం ఈడ నిలిచిపోతే ఎట్ల?”

నాకు అర్థంకాక ఆవిడ ముఖంలోకి చూశాను. ఆవిడ నా ముఖంలోకి చూసింది. అప్పుడు ఆవిడకు వెలిగింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది.

“అయ్యో సామీ, అరవంలో ఓడు అంటే పరిగెత్తు అని. ఓడిపోయేది కాదు. ఊరంతా నిన్ను పరిగెత్తమనే చెప్తా ఉండారు.”

నేను స్తంభాన్ని వదిలేశాను. తిరువాన్మియూరు టీకొట్టు, గిండీ బస్సు, సైదాపేట పూలవాళ్ళు అందరూ ఒక్కసారిగా గుర్తొచ్చారు. రెండుగంటలుగా ఒక మహానగరం, నా పేరూ ఊరూ తెలియని నగరం, చిట్టచివర ఈడ్చుకుంటూ పోతున్న నన్ను పరుగెత్తమని బతిమాలుతోంది. నేనేమో దాన్ని తిట్టుకుంటూ వచ్చాను. సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా ఆశ్చర్యం, ఇంతమందికి నా మీద ఇంత అక్కర ఎక్కడిదని.

తన తాతల తాతలు నేత పనికి ఈ పేటకు వచ్చారని, ఇప్పుడు మనవలకు అరవమే వస్తుందని చెబుతూనే ఆవిడ తన బిందెలో చెంబు ముంచింది. ఆ బిందె కోసం తెల్లారకముందు నుంచీ వరుసలో ఉందట. వద్దమ్మా అంటున్నా వినకుండా చెంబెడు నీళ్ళూ నా నెత్తిన పోసింది. గుంటూరు జిల్లాలో కాలవల పక్కన పుట్టిన నాకు నీళ్ళ విలువ ఆ చెంబుతో తెలిసింది. చేతులెత్తి దణ్ణం పెట్టాను.

“ఆడ వంతెన దాటినావంటే సముద్రం గాలి తగులుతుంది. ఓడు,” అంది.

ఓడాను. కుంటుతూ, మూలుగుతూ, మధ్యలో నడుస్తూ, మళ్ళీ ఓడాను. చేపాక్కంలో ఇద్దరు పోలీసులు అదే మాట అన్నారు, ఈసారి చెయ్యి ఊపాను. మెరీనాలో తాళ్ళు చుట్టేస్తున్నవాళ్ళు నన్ను చూసి మళ్ళీ విప్పి అటూ ఇటూ పట్టుకున్నారు. గీత దాటేసరికి పదకొండూ ఇరవై నాలుగు. ఎవరో నా చేతిలో సర్టిఫికెట్టు, మరొకరు అరటిపండు పెట్టారు. ఇసుకలో కూర్చుని సముద్రాన్ని చూస్తూ కాసేపు బాహాటంగానే ఏడ్చాను.

మధ్యాహ్నం రెండింటి తర్వాత అదే పినాకిని. పెరుగన్నం పొట్లం తిని గూడూరు దాకా నిద్రపోయాను. మీలో ఎవరైనా ఈ పరుగుకు వెళ్ళదలిస్తే గది సెంట్రల్ పక్కనే తీసుకోండి, ముందురోజు రసం వదలకండి, ఆ ఒక్క మాటా నేర్చుకుని వెళ్ళండి. నాలాగా పన్నెండు కిలోమీటర్లు ఆశీర్వాదాన్ని శాపమనుకుంటూ పరుగెత్తకండి.

తెనాలిలో రాత్రి ఎనిమిదిన్నరకు దిగాను. రాజ్యం ప్లాట్‌ఫారం మీదే ఉంది. నా కుంటినడక చూసి ఏమీ అడగకుండా సంచి అందుకుంది. ఆ మౌనంలో అటకా, బూట్లూ అన్నీ వినిపించాయి.

“ఓడాను రాజ్యం,” అన్నాను. “నలభై రెండు కిలోమీటర్లూ ఓడాను.”

పోనీలెండి అనబోయి ఆగి, నా నవ్వు చూసి, మతిగాని పోయిందా అని అడిగింది. గేటు దాటేలోగా ముసలావిడ మాటా, చెంబు నీళ్ళూ, అంతా చెప్పాను. ఆమె సర్టిఫికెట్టును లైటు కింద రెండుసార్లు చదివింది.

“మరి గెలవడాన్ని ఏమంటారట అరవంలో?”

తెలియదన్నాను. దారి పొడవునా ఆ మాట ఎవరూ అననేలేదు.