భూదవ్వ బతుకమ్మ

కోరుట్లలో బీడీలు చుట్టే భూదవ్వకు బతుకమ్మను నడుమెత్తు పేర్చందే పండుగ చేసినట్టుండదు. అంత బరువు ఒక్కతే తలకెత్తుకోలేదు కనుక ఏటా పక్కింటి దుర్గవ్వ రెండో పక్క పట్టేది. ఈ ఎండాకాలం దుర్గవ్వ బాప్తిస్మం తీసుకుంది. పండుగొచ్చినా గునుగుపూలు కోయడానికి రాలేదు, భూదవ్వ పిలవనూ లేదు. ఆ కోపంతోనే ఆఖరి రోజు సద్దుల బతుకమ్మను నిరుటికంటే ఎత్తుగా పేర్చింది.

పొద్దు గూకింది. వాడకట్టు ఆడవాళ్లంతా చెరువు దిక్కు కదిలారు. "మేం పడతం" అన్నవాళ్లను కసిరి పంపిన భూదవ్వ, వాకిట్లో బతుకమ్మను పేర్చిన తాంబాళం ముందు ఒంటరిగా మిగిలింది. ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడొచ్చింది దుర్గవ్వ, కొంగు నడుముకు దోపుకుంటూ.

"మీ పాస్టరు ఏమనడానే?" బెట్టుగా అడిగింది భూదవ్వ.

"మొక్కద్దన్నడు గని ఎత్తద్దనలే. వంగు." తాంబాళం లేపబోయి దుర్గవ్వ మూలిగింది. "ఓయమ్మో! గింత పెద్దగ, ఎవలెత్తుతరని పేర్చినవక్కా?"

భూదవ్వ నెత్తిమీద చుట్టబట్ట సర్దుకుని వంగింది.

"నువ్వే," అంది.