బాబాయి మార్చిన డబ్బా

ఆ పరిశోధనశాలలో సీసాలు కడిగే ఆయన్ని అందరూ బాబాయి అనేవారు. ఇరవై మూడేళ్లలో ఆయన చేతిలో పగిలినవి రెండే సీసాలు. ఆ సంగతి అడిగినవాళ్లకీ చెప్పేవాడు, అడగనివాళ్లకీ చెప్పేవాడు.

ఆ ఏడు ఒక పరిశోధక విద్యార్థిని దగ్గుకి వాడే ఆకొకటి పట్టుకు కూర్చుంది. ఆకులో గుణం ఉందని అమ్మమ్మలందరికీ తెలుసు. ఆ గుణం ఏ పదార్థానిదో తేల్చాలని ఈమె పట్టుదల. ఆకు పొడిని ద్రావకంలో నానబెట్టేది. దిగిన సారాన్ని తెల్లటి పొడి కూరిన గాజు గొట్టంలో పోసి, రంగురంగులుగా జారే చుక్కల్ని వేర్వేరు సీసాల్లో పట్టేది. ఎనిమిది నెలలకు ఒక సీసా అడుగున నూనెలాంటిది మిగిలింది.

"దొరికేసింది బాబాయ్!" అని గంతేసింది.

వారం తిరిగేసరికి పరీక్ష ఫలితం వచ్చింది. కాగితం చూసి ఆమె ముఖం పాలిపోయింది.

"ఇది ఆకులోది కాదు బాబాయ్. ప్లాస్టిక్ మెత్తగా ఉండటానికి కలిపే నూనెట. ఎక్కణ్ణుంచి వచ్చి చచ్చిందో!"

బాబాయికి ఆ డబ్బా గుర్తొచ్చింది. వేసవిలో నడుం పట్టేసినప్పుడు బరువైన గాజు జాడీ మోయలేక, ద్రావకాన్ని ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చింది ఆయనే. నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. కానీ ఆ పిల్ల ఇంకో ఏడాది చీకట్లో తడుముకుంటుంది. మధ్యాహ్నం భోజనం ముందు కూర్చున్నవాడు సగంలోనే ఆపేశాడు. చెయ్యి కడుక్కుని లేచి వెళ్లాడు.

"అమ్మాయ్, ఆ నిర్వాకం నాదే. నడుం నొప్పని డబ్బా మార్చాను."

తిట్టిపోస్తుందనుకున్నాడు. ఆమె ఫక్కున నవ్వింది.

"హమ్మయ్య! నా చేతిలోనే ఏదో లోపం ఉందని ఏడుస్తున్నా. పదండి, జాడీ ఇద్దరం మోద్దాం."

ద్రావకాన్ని మరిగించి, ఆవిరి చల్లార్చి, శుద్ధి చేసి గాజులోనే దాచారు. పని మళ్లీ మొదటికొచ్చింది. అయిదో నెలలో ఒక పొద్దున్న, సీసా గోడకు సన్నటి సూదుల్లాంటి పసుపు స్ఫటికాలు అంటుకుని ఉండటం ముందుగా బాబాయి కళ్లబడింది. తాకకుండా, ఊపిరి బిగబట్టి, ఆమెను కేకేశాడు.

ఈసారి అది ఆకులోదేనని తేలింది. కాకపోతే, వేరే మొక్కల్లో ఎప్పుడో దొరికిన పదార్థమే.

"అయితే కొత్తది కాదా?" బాబాయి చప్పబడిపోయాడు.

"పాతదే. ఈ ఆకులో ఉందని మాత్రం మనమే మొదట చూశాం. దగ్గు తగ్గించేది ఇదో కాదో ఇంకా తేల్చాలి."

"మనమే" అన్న మాట ఆయన ఆ వారమంతా నెమరేసుకున్నాడు. ఆమె మాత్రం పరిశోధనశాల పెద్ద మాస్టారి వెంటపడి, జాడీలు మోయడానికి చక్రాల బండి కొనిపించింది. తొలిరోజే బాబాయి దాన్ని వరండాలో ఎంత జోరుగా తోశాడంటే, ఎదురొచ్చిన పెద్ద మాస్టారు గోడకు అతుక్కుపోవాల్సి వచ్చింది.