త్రినాధరావు నాలుకా, కడుపులో పుండూ

అనకాపల్లి బెల్లం మార్కెట్టులో మా తాత త్రినాధరావు నాలుక బయటపెట్టాడంటే ఢిల్లీలో పంచదార ధర పడిపోతుంది. ఇది మా నాయనమ్మ మరిడమ్మ చెప్పే మాట. చెబుతూ మూతి తిప్పుతుంది కూడా. పెళ్లిచూపుల్లో పెట్టిన సున్నుండ కొరికి, కళ్లు మూసుకుని, "ఇది నాతవరం బెల్లం" అన్నాడట. పిల్ల నచ్చిందా అని పెద్దలు అడిగితే, "బెల్లం పర్వాలేదు" అన్నాడట.

ఆయన పని అదే. తెల్లవారేసరికి రైతులు తెచ్చిన బెల్లం దిమ్మలు యార్డులో వరసగా పేరుస్తారు. తాత మడత పెట్టిన గోనె మీద కూర్చుని, దిమ్మ అంచున గోటితో గిల్లి, వేళ్ల మధ్య నలిపి, నాలుక మీద వేసుకుంటాడు. "మొదటి రకం" అనో "రెండో రకం" అనో అంటాడు. ఆ తర్వాతే వర్తకులు వేలం పాట మొదలుపెడతారు.

పరగడుపున ఇన్ని దిమ్మలు గిల్లి, పైన రెండు స్ట్రాంగు టీలు పోసి, ఇంటికొచ్చి నాయనమ్మ మీద విరుచుకుపడతాడు.

"పొద్దున్నించి ఏటీ తిన్లేదే!"

"అవును పాపం. ఊరందరి బెల్లం నాకి వచ్చేవంతే."

"రుచి సూడ్డం తిండేటే? నీకు పని తెల్దు."

కడుపుకీ తెలియలేదు. మొదట మంట, తర్వాత పుల్లటి తేన్పులు. ఒకరోజు నోట్లో పుల్ల తేన్పు ఉండగానే, రాంబిల్లి రైతు తెచ్చిన బంగారంలాంటి దిమ్మని గిల్లి, "పులిసిపోయింది, రెండో రకం" అనేశాడు. పక్కనున్న మేనల్లుడు నానాజీ ఇంత గిల్లి చూసి, "మామా, మొదటి రకమే" అన్నాడు, గొంతు తగ్గించి. ఆ మర్నాటి నుంచీ వర్తకులు తాత మాట విన్నాక నానాజీ మొహం కూడా చూడసాగారు. తాతకి కడుపులో మంటకన్నా ఆ చూపు ఎక్కువ మండింది. కడుపు మానకపోతే ఆ గోనె ఇక నానాజీదే.

విశాఖలో ఒక పెద్దాసుపత్రిలో నోట్లోంచి గొట్టం దింపి చూసి, పుండు ఉందన్నారు. అక్కడ డాక్టర్ సుప్రియ పుండు మందుల మీద పరిశోధన చేస్తోంది. కొందరికి పాత మందు, కొందరికి కొత్త మందు. పైకి క్యాప్సూళ్లు అన్నీ ఒకేలా ఉంటాయి. ఎవరికి ఏది వెళ్లిందో రోగికీ తెలియదు, ఆవిడకీ తెలియదు.

"తెలీకపోడమేటి డాకటరమ్మా? నాకు తెలిసిపోద్ది," అన్నాడు తాత.

"తెలియకూడదనే ఇలా పెట్టాం తాతగారూ. నమలకండి, నలపకండి. టిఫినుకి ముందు నీళ్లతో మింగెయ్యండి."

తాత బుద్ధిగా తలూపాడు. ఆయన అంత బుద్ధిగా తలూపాడంటే నమ్మకూడదని ఆవిడకి పాపం ఎవరూ చెప్పలేదు.

రోజూ తలుపు దగ్గరగా వేసుకుని, క్యాప్సూలు విప్పి, లోపలి గుళికలు అరచేతిలో పోసుకునేవాడు. వేళ్లతో నలిపి, ముందు పళ్లతో చిట్లించి, కళ్లు మూసుకుని చప్పరించేవాడు. నాలుక మీద పడనిది గొంతు దిగడం ఆయన వంశంలో లేదు.

పరుపులు కుట్టే హనీఫ్ ఆసుపత్రి వరండాలో కలిశాడు. అతనూ అనకాపల్లివాడే, అతని కడుపూ అదే పరిశోధనలో ఉంది. తాత అతని క్యాప్సూలు ఒకటి అడిగి పుచ్చుకుని దాన్నీ నలిపాడు.

"హనీఫూ, నీది రెండో రకంరా. పాత మందు అంటగట్టేరు. నాది కొత్తది, మొదటి రకం."

"నిజమేనా మామా?"

"ఈ నాలుక మీద మార్కెట్టు నడుత్తాదిరా!"

హనీఫ్ దిగులుపడ్డాడు. దిగులుపడుతూనే రోజూ మింగాడు.

ఆరు వారాలకి మళ్లీ గొట్టం దింపారు. హనీఫ్ పుండు మానింది. తాతది ఉన్నచోటే ఉంది.

"మిషను తప్పు," అన్నాడు తాత.

"మందు ఎలా మింగుతున్నారు?" అని సుప్రియ అడిగింది.

"మింగడమేటమ్మా! రోజూ బెల్లం దిమ్మలా నలిపి రకం కడతన్నాడు," అంది వెంట వచ్చిన నాయనమ్మ.

"నమలొద్దన్నాను కదండీ!"

"నమల్లేదమ్మా. రుచి సూసేనంతే."

సుప్రియ నెత్తి పట్టుకుంది. ఆ గుళికల మీద ఉన్న పూత కడుపులోని యాసిడ్ నుంచి మందుని కాపాడుతుందట. పూత చితికితే మందు పనిచేసే చోటుకి చేరకముందే పాడైపోతుందట. అంటే తాత వారాల తరబడి పుండుకి వైద్యం చెయ్యలేదు, నాలుకకి పలహారం పెట్టాడు. పరిశోధనలోంచి ఆయన పేరు తీసేసి, మామూలు మందు రాసిచ్చారు. ఇడ్లీ తినందే యార్డుకి వెళ్లకూడదు, గిల్లిన బెల్లం ఉమ్మెయ్యాలి, టీలు మానాలి. ఆ మాట అమలు చెయ్యడానికి మా నాయనమ్మ కన్నా కఠినమైన అధికారి జిల్లాలో లేదు. క్యాప్సూలు ఆవిడే నోట్లో వేసి, నీళ్లు పోసి, "నోరు తెరు, నాలికెత్తు" అనేది.

పుండు మానింది. తాత యార్డుకి వెళ్తే నానాజీ గోనె మీంచి లేచి నించున్నాడు. తాత గిల్లి, నలిపి, చప్పరించి, ఉమ్మి, "మొదటి రకం" అన్నాడు. ఒక్క వర్తకుడూ నానాజీ వైపు చూడలేదు.

ఈలోగా పరిశోధన ముగిసి ఏ డబ్బాలో ఏముందో విప్పి చెప్పారు. తాతకి మొదట ఇచ్చిందీ, హనీఫ్‌కి ఇచ్చిందీ ఒకే మందు. అదీ పాతదే.

నేను ఇదంతా రాసి చదివి వినిపిస్తే తాత కళ్లు మూసుకుని విన్నాడు, దిమ్మ గిల్లినట్టే. తర్వాత ఒక కన్ను తెరిచాడు.

"పదో తరగతి రెండుసార్లు తప్పినదానివి, నువ్వొచ్చి నా నాలిక్కి మార్కులేత్తావేటే? హనీఫ్ గాడి మందు రెండో రకమే. అలాగే రాయి."