బాబాయి కొబ్బరికాయ, టీవీవాళ్ల నిధి

మా ఇంట్లో టీవీని అందరికన్నా ముందు నమ్మడం మానేసింది నానమ్మ. రేపు వాన పడుతుందని వార్తల్లో చెప్పారంటే ఆమె పనిగట్టుకుని తెల్లారే వడియాలు పెట్టేది. ఆ వడియాలు ఒక్కసారి కూడా తడవలేదని ఆమె వాదన. రెండుసార్లు తడిశాయని అమ్మ అనేది, అదీ నానమ్మ దగ్గర్లో లేనప్పుడు.

అలాంటి నానమ్మ నాలుగు రోజులపాటు టీవీ ముందు నుంచి లేవలేదు. ఎందుకంటే ఆ నాలుగు రోజులూ టీవీలో మా బాబాయి ఉన్నాడు.

మా ఊరు పాల్వంచ నుంచి అశ్వారావుపేట వైపు పోయేటప్పుడు అడవి మొదలయ్యే చోట ఉంటుంది. ఊరవతల గుట్ట, గుట్ట కింద ఒక చెలక. పామాయిల్ తోట వేద్దామని పట్నం నుంచి వచ్చిన ఆసామి ఒకాయన దాన్ని కొన్నాడు. మొక్కలు తేవాల్సిన మనిషి ఒక స్వామిని తెచ్చాడు. ఈ నేల కింద రాజులు దాచిన నిధి ఉందని స్వామి చెప్పాడు. ఏ రాజులు, ఇక్కడికి వచ్చి ఎందుకు దాచారు అని ఎవరూ అడగలేదు. ఇరవైనాలుగు గంటల వార్తల చానళ్లు అప్పుడే కొత్త. చూపించడానికి ఏదో ఒకటి కావాలి వాళ్లకు. నెత్తిన పెద్ద గొడుగులాంటి డిష్ పెట్టుకున్న టీవీ వ్యాను ఒకటి మా ఊరి మీదుగా గుట్టకు పోయింది.

ఇందులోకి బాబాయి ఎలా వచ్చాడో చెప్పాలి. మా నాన్న తమ్ముడైన బాబాయి పని బోరు పాయింట్లు చూడడం. పీచు తీసిన కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని చేలో నడుస్తాడు. నీళ్లున్న చోట కాయ నిటారుగా లేస్తుంది. లేచిన చోట సున్నం చల్లుతారు, బోరు బండి వస్తుంది. చాలాసార్లు నీళ్లు పడేవి. ఆ ఏడు మాత్రం వరసగా రెండు చోట్ల దుమ్ము లేచింది. నీళ్లు పడని ఆ ఇద్దరు రైతుల ముఖాలు చూడలేక బాబాయి వారం రోజులు వాళ్ల బజారు వైపు పోవడం మానేశాడు.

సరిగ్గా అదే సమయంలో ముప్పై దాటిన మా బాబాయికి ఎర్రుపాలెం వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లను చూసి వచ్చాక బాబాయి గడ్డం రోజూ గీసుకోవడం మొదలుపెట్టాడు. అంతకుముందు మూడు సంబంధాలు తప్పిపోయాయి కాబట్టి ఇది కుదరాలని ఇంట్లో అందరికీ ఆశ. పిల్ల తండ్రి మాత్రం ఆలోచించుకుని చెబుతామన్నాడు. పిల్లగాడు చేసే పని ఏందని ఎవరైనా అడిగితే కొబ్బరికాయ పట్టుకుంటాడని ఎట్లా చెప్పాలని ఆయన బాధ. అందులోనూ ఆ కాయ అబద్ధమాడుతుందని ఆయన చెవిన ఎవరో వేశారు.

గుట్ట దగ్గర స్వామికి నిధి ఉందని తెలుసుగానీ ఎక్కడుందో తెలియలేదు. అప్పుడు ఆసామికి ఒక ఆలోచన వచ్చింది. భూమిలో ఉన్న నీళ్లు చూపించే కాయకు భూమిలో ఉన్న బంగారం కనబడదా? మా ఊళ్లో దీన్ని తప్పని అన్నవాడు లేడు, బాబాయి తప్ప.

"కాయకు నీళ్లే తెలుసు. బంగారం గిట్ల దానికి తెల్వదు" అన్నాడు బాబాయి.

అయినా బతిమాలి తీసుకుపోయారు. ఒక బండ పక్కన కాయ లేచింది. స్వామి వెంటనే అక్కడ పసుపు నీళ్లు చల్లి, కాయ లేపిన చెయ్యి నిధి బయటపడేదాకా ఆ చోటు వదలకూడదని ఆజ్ఞ వేశాడు. దాంతో బాబాయి తలకు టవల్ చుట్టుకుని, కొబ్బరికాయతో సహా గుంత పక్కన ఇరుక్కుపోయాడు. నాన్న డ్యూటీ దిగి క్యారియర్‌లో అన్నం తీసుకుపోయేవాడు. ఎట్లున్నాడని అడిగితే "మాట్లాడ్తలేడు. అన్నమైతే తింటున్నడు" అనేవాడు.

గుట్ట మా వాకిట్లోంచి కనబడుతుంది. అయినా వీధంతా మా హాల్లో చేరి దాన్ని టీవీలో చూసింది.

"గుట్ట అటుంటే అందరు ఇటు చూస్తున్నరేంది?" అంది నానమ్మ.

"అక్కడ మట్టి తప్ప ఏం కనబడదత్తమ్మా. టీవీలనైతే మ్యూజిక్ ఉంటది" అన్నాడు పక్కింటి మామ. ఆయన కంపెనీలో రిటైరయ్యాక ఖాళీగా ఉన్నాడు. ఆ నాలుగు రోజులూ మా కుర్చీ ఆయనదే.

తెర మీద బంగారు బిందెలు దొర్లాయి, నాణేలు గలగలా రాలాయి. నానమ్మ ముందుకు వంగింది.

"దొరికిందా?"

"లేదత్తమ్మా, అది బొమ్మ. దొరికితే గట్లుంటదని వేసిన్రు."

"దొరక్కపోతే ఎట్లుంటదో అది గూడ ఎయ్యమను."

రెండో రోజు గుంతలోంచి తుప్పు పట్టిన ఇనప ముక్క ఒకటి వచ్చింది. శతాబ్దాల నాటి ఆయుధం కావచ్చని విలేకరి ఊపిరి బిగబట్టి చెప్పాడు. బండి చక్రం పట్టా అని మా హాలంతా ఒకేసారి అంది. సాయంత్రం ఒక ఎముక వచ్చింది. దాన్ని తెర నిండా చూపించి, నిధికి కాపలాగా బలి ఇచ్చిన జీవిదా అని ప్రశ్నార్థకం పెట్టారు. పక్కింటి మామ దాన్ని చాలాసేపు చూశాడు.

"గుట్ట మీద అమ్మవారికి చేసిన మేకది. ఆ కూర నేను తిన్న. కారం ఎక్కువైంది" అన్నాడు.

అమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటుంటే ఫోను మోగింది. ఎర్రుపాలెం నుంచి పిల్ల తల్లి.

"వదినా, టీవీల గుంత పక్కన టవల్ చుట్టుకుని నిలబడ్డది మీ మరిదేనా?"

అమ్మ తెర వైపు చూసింది. బాబాయి కొబ్బరికాయ పట్టుకుని నేరుగా మా హాల్లోకి చూస్తున్నాడు.

"అవ్... కాదొదినా. గా పోలిక మనుషులు మా దిక్కు శానామంది ఉంటరు" అంది అమ్మ. ఫోను పెట్టేశాక ఆమె ముఖం చూసి ఎవరూ నవ్వలేదు.

అప్పటికి గానీ మాకు సంగతి బోధపడలేదు. గుంతలో ఏమీ రాకపోతే స్వామి నెపం ఎవరి మీద వేస్తాడు? కాయ మీద. కాయ అబద్ధమని రాష్ట్రమంతా చూశాక సంబంధం ఏమవుతుంది? పోనీ బంగారమే దొరికిందనుకున్నా, నీళ్ల కాయ కాస్తా నిధి కాయ అయి, ఇలాంటి స్వాములే బాబాయి చుట్టూ చేరతారు. ఇక మిగిలింది ఒకటే. నీళ్లు పడాలి. నీళ్లు పడితే భద్రాచలం నడిచి వస్తామని అమ్మ రాముడికి మొక్కింది. నిధి దొరక్కూడదని దేవుడికి మొక్కుకున్న ఇల్లు అప్పుడు మాదొక్కటే అయ్యుంటుంది. నాకైతే నిజంగా భయమేసింది. సైకిలు మీద నన్ను బడికి తీసుకుపోయిన మనిషిని ఊరంతా చూసి నవ్వుతుంటే నవ్వు రాలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం గుంతలో నల్లరాయి తగిలింది. నిలువునా, అడ్డంగా, ఎటు గునపం వేసినా రాయే. స్వామి పైకి వచ్చి, కాయ పట్టిన చేతిలో శుద్ధి లేదని కెమెరాకు చెప్పాడు. విలేకరి మైకు పట్టుకుని బాబాయి దగ్గరికి ఉరికాడు.

"మీరు చెప్పండి. రాష్ట్రమంతా మిమ్మల్నే చూస్తోంది. ఇక్కడ నిధి ఉన్నట్టా, లేనట్టా?"

బాబాయి తల టవల్ విప్పి భుజాన వేసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

కరెంటు పోయింది.

నానమ్మ నెమ్మదిగా నాన్న వైపు తిరిగింది. నాన్నకు పాల్వంచలో కరెంటు తయారుచేసే చోటే ఉద్యోగం.

"నువ్వు చేసే కరెంటు ఎటు పోయిందిరా?"

"మేం తయారుచేస్తం గంతేనమ్మా. పంచేటోళ్లు వేరే ఉంటరు" అని నాన్న స్కూటర్ తీశాడు. ఆయన గుట్టకు చేరేసరికి వ్యాను గొడుగు మడుస్తోంది. గుంతలో బంగారం లేదు, నీళ్ల చెమ్మ కూడా లేదు. బాబాయి దారిలో నడుచుకుంటూ ఎదురొచ్చాడు. మైకులో ఏం చెప్పావురా అంటే "అడిగిన్రు, చెప్పిన" అన్నాడట. ఇంటికి వచ్చాక కూడా అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. స్నానం చేసి పడుకున్నాడు. మర్నాడు గడ్డం గీసుకోలేదు.

వారం తిరక్కుండా పిల్ల తండ్రి ఒక్కడే బస్సు దిగి మా ఇంటికి వచ్చాడు. లేదని చెప్పడానికి ఇంత దూరం రావడం ఆయన మర్యాద అనుకున్నాం. అమ్మ చాయ్ ఇచ్చింది. బాబాయి తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆయన సగం చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఆ దినం మీవోడు టీవీల మాట్లాడింది విన్నరా?" అన్నాడు.

"మాకు కరెంటు పోయిందన్నా" అన్నాడు నాన్న.

"మాకుండె. మా ఇంటినిండ జనం. అందరు నవ్వుకుంట చూస్తున్నం. మీవోడు ఏమన్నడంటే, ఈడ నిధి లేదు, ఉన్నదని నేను ఎన్నడు అనలే. నీళ్లుంటయనుకున్న, అవి గూడ లేవు. నా కాయ తప్పుతది. మా ఊళ్లె ఇద్దరికి తప్పింది, ఆళ్లు నన్ను మన్నించాలె. రేపటి నుంచి ఎవరికి పాయింటు చూపిచ్చినా ఈ మాట ముందే చెప్పి చూపిస్త అన్నడు."

నాన్న నేల చూపులు చూస్తున్నాడు.

"నేను నవ్విన. అబద్ధమెందుకు, శానా నవ్విన. మా పిల్ల నవ్వలే. టీవీల ఇన్నొద్దుల నుంచి గింతమంది మాట్లాడుతుంటే చూస్తున్న నాయినా, 'నేను తప్పిన' అన్నోణ్ని ఇయ్యాల్నే చూసిన, ముహూర్తం పెట్టియ్యి అన్నది."

బాబాయి భుజాన ఉన్న టవల్ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. టవల్ వెనక ఆయన భుజాలు కదలడం అందరికీ కనబడుతూనే ఉంది. నానమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, ఎప్పటిలాగే గదిమింది.

"ఏందిరా గట్ల నిలబడ్డవు? మీ మామ గ్లాసుల చాయ్ చల్లారింది, ఇంకో గ్లాసు తే పో."